ఏ భాషలో చదువు? – ఉస్మానియా ప్రాంగణంలో ఒక రోజు

హైదరాబాదులో కాచిగూడ నుండి సికింద్రాబాదు దిశగా సాగే లోకల్ రైలు మార్గంలో వరుసగా మూడు స్టేషన్లు వస్తాయి. మొదటిది విద్యానగర్, రెండవది జామై ఉస్మానియా, మూడవది ఆర్ట్స్ కాలేజి. మూడు పేర్లూ చదువుకు సంబంధించినవే. ఒకటి తెలుగువారి నోట నలిగిన సంస్కృత పదం. ఇంకొకటి అరబ్బీ నుండి ఉర్దూలోకి వచ్చిన పదం. 'జామిఅ' అంటే విశ్వవిద్యాలయమని అర్థం. మూడవది ఇంగ్లీషు. కొద్ది నిమిషాల ప్రయాణంలో ఎదురయ్యే ఈ మూడు పేర్లు ఒక పాత ప్రశ్నను మన ముందు ఉంచుతాయి. మన పిల్లలు పై చదువులు ఏ భాషలో చదవాలి? ఉస్మానియా విశ్వవిద్యాలయం నూరేళ్ళుగా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

మాకు ఈ ప్రశ్న చరిత్రకు సంబంధించినది మాత్రమే కాదు. మేము మహబూబ్‌నగర్ వైపు నుండి వచ్చిన కుటుంబం. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. మా అమ్మాయి ఒకటవ తరగతి నుండి డిగ్రీ వరకు చదివినది తెలుగు మాధ్యమంలో. ఇప్పుడు ఆమెకు ఉస్మానియాలో ఎం.ఏ. చరిత్రలో సీటు వచ్చింది. అక్కడి పాఠాలు ఇంగ్లీషులో జరుగుతాయి. ఊళ్ళోనే బి.ఇడి. చేయిస్తే సరిపోతుందని ఇంట్లో కొందరి అభిప్రాయం. 'మన పిల్ల అక్కడికి పోయి నోరు విప్పలేక కూర్చుంటుందేమో' అన్నది ఆమె నానమ్మ దిగులు. మాట వాస్తవమే, బడిలో చురుకైన పిల్లలు భాష మారగానే మూగబోవడం మన ఇళ్ళలో చూస్తూనే ఉన్నాము. కాబట్టి చేర్చాలా వద్దా అన్నది తేల్చుకొనే ముందు ఆ చోటును కళ్ళారా చూసి రావాలని ముగ్గురమూ బయలుదేరాము.

రాతిలో నిలిచిన ఆశయం

ఉస్మానియా ప్రాంగణం వెయ్యి ఎకరాలకు పైబడినది. చుట్టూ తార్నాక, సీతాఫల్‌మండి, విద్యానగర్, అంబర్‌పేట పేటలు ఇరుకిరుకుగా పెరిగిపోయాయి. వాటి నడుమ ఈ ప్రాంగణం ఒక పెద్ద ఊపిరిలా మిగిలింది. రోడ్డుకు ఇరువైపులా చెట్లు, అక్కడక్కడ నల్లని బండరాళ్ళు, వేసవిలో ఎండిపోయి వానాకాలంలో పచ్చబడే గడ్డి భూములు కనిపిస్తాయి. ఒకప్పుడు ఉర్దూ కవయిత్రి మహ్‌లఖా బాయి చందాకు జాగీరుగా ఉండిన అడిక్‌మెట్ భూములు ఇవి.

ఆర్ట్స్ కళాశాల భవనం ముందుకు చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. గులాబి రంగు గ్రానైటు రాతితో కట్టిన ఆ భవనాన్ని చిత్రాలలో చూడని తెలుగువారు అరుదు. అయినా ఎదుట నిలిచినప్పుడు దాని ఎత్తు, నిండుదనం వేరుగా తోస్తాయి. నడుమ ఎత్తైన కమాను, దాని కింద విశాలమైన మెట్లు. కమాను తీరు ఇస్లామీయ వాస్తు సంప్రదాయానిది. స్తంభాల తీరు అజంతా, ఎల్లోరా శిల్పాన్ని తలపిస్తుంది. ఈ రెంటినీ ఒకే కప్పు కింద నిలబెట్టాలన్నది కట్టినవారి ఆలోచన. నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు ఇంజినీర్లు పలు దేశాలలోని విశ్వవిద్యాలయాలను చూసి వచ్చారు. జాస్పర్ అనే బెల్జియం వాస్తుశిల్పి రూపకల్పన చేశాడు. 1934 జూలై 5న పునాది పడింది. 1939 డిసెంబరు 4న భవనం ప్రారంభమైంది.

విశ్వవిద్యాలయం వయస్సు భవనం వయస్సు కంటే ఎక్కువ. 1917లో సర్ అక్బర్ హైదరీ ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఒక విజ్ఞాపన సమర్పించారు. పరాయి భాషలో సాగే చదువు విద్యార్థి జ్ఞాపకశక్తిని పెంచవచ్చు గాని ఆలోచనను పెంచదని, ఈ నేల భాషలోనే ఉన్నత విద్య నేర్పే విశ్వవిద్యాలయం కావాలని ఆనాటి సంస్కర్తలు తలపోస్తున్న కాలమది. నిజాం అంగీకరించి ఫర్మానా జారీ చేశారు. 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1919 ఆగస్టు 28న గన్‌ఫౌండ్రీ ప్రాంతంలో తరగతులు మొదలయ్యాయి. సర్ రాస్ మసూద్ తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. బ్రిటిషు ఇండియాలోని విశ్వవిద్యాలయాలన్నీ ఇంగ్లీషులో బోధిస్తున్న రోజులలో ఇక్కడ ఉర్దూ బోధన భాష అయింది. ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచారు.

అనువాదశాల

ఆశయం ప్రకటించడం తేలిక. పుస్తకాలు ఎక్కడివి? ఉర్దూలో కవిత్వానికి కొదవ లేదు. మతగ్రంథాలకు, కథలకు కొదవ లేదు. భౌతికశాస్త్రం, అర్థశాస్త్రం, శరీర నిర్మాణ శాస్త్రం బోధించడానికి పాఠ్యపుస్తకాలు లేవు. ఆ కొరత తీర్చడానికి తరగతులు మొదలు కాకముందే, 1917లోనే, 'దారుత్తర్జుమా' అనే అనువాదశాలను నెలకొల్పారు. ఆ తర్వాతి కాలంలో 'బాబా ఎ ఉర్దూ'గా పేరొందిన మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి తొలి అధిపతి. అబ్దుల్ మాజిద్ దర్యాబాదీ, జోష్ మలీహాబాదీ వంటి వారు అక్కడ పనిచేశారు.

అక్కడ జరిగినది కేవలం అనువాదం కాదు. ఒక్కొక్క శాస్త్రానికీ ఆ శాస్త్రం తెలిసినవారు, భాష తెలిసినవారు కలిసి కూర్చొని ఒక్కొక్క పారిభాషిక పదాన్ని తూచి నిర్ణయించేవారు. అరబ్బీ ధాతువు నుండి తీసుకోవాలా, ఫారసీ పదం చాలునా, జనం నోట ఉన్న మాటనే నిలపాలా అన్న చర్చ తెగేదాకా పదం పుస్తకంలోకి ఎక్కేది కాదు. ఆ విధంగా వందలాది గ్రంథాలు వెలువడ్డాయి. వైద్యం, ఇంజినీరింగు సైతం ఉర్దూలో బోధించారు.

ఇలా చదివినవారు వెనుకబడ్డారా? రజీయుద్దీన్ సిద్దీఖీ ఉస్మానియాలో పట్టా పుచ్చుకొని కేంబ్రిడ్జికి, అక్కడి నుండి జర్మనీలోని లైప్‌జిగ్‌కు వెళ్ళి హైజెన్‌బర్గ్ వద్ద పరిశోధన చేశారు. 1908లో హైదరాబాదులో పుట్టిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ ఇక్కడే చదివి, బాన్, పారిస్ విశ్వవిద్యాలయాలలో డాక్టరేట్లు సాధించి, ఇక్కడే పాఠాలు చెప్పారు. దివ్య ఖుర్ఆన్‌ను ఫ్రెంచి భాషలోకి అనువదించిన ఆ పండితుని పేరు మన పాఠకులకు కొత్త కాదు. సొంత భాషలో పునాది గట్టిపడినవారికి ఇతర భాషలు అడ్డుగోడలు కాలేదని ఈ జీవితాలు చెబుతున్నాయి.

మరి మిగిలిన భాషల సంగతి?

అయితే న్యాయంగా మరొక మాట కూడా చెప్పుకోవాలి. 'ఈ నేల భాష' అని అన్నప్పుడు ఆ మాటకు అర్థం ఏమిటి? నాటి హైదరాబాదు రాజ్యంలో అత్యధికుల మాతృభాష ఉర్దూ కాదు. తెలంగాణ జిల్లాలలో తెలుగు, పశ్చిమాన మరాఠీ, కన్నడం ప్రజల భాషలు. పాలమూరు రైతుబిడ్డకు ఇంగ్లీషు ఎంత దూరమో, ఉన్నత విద్యకు తగిన ఉర్దూ కూడా ఇంచుమించు అంత దూరమే. పరాయి భాష భారం నుండి విద్యార్థిని విడిపించాలన్న ఆశయం కొందరికే ఫలించింది. తక్కినవారు ఒక పరాయి భాష బదులు మరొకటి నేర్చుకోవలసి వచ్చింది.

నేర్చుకొన్నవారూ ఉన్నారు. రాయప్రోలు సుబ్బారావు వంటి కవి ఉస్మానియాలో తెలుగు ఆచార్యులుగా ఉండి మన భాషకు అక్కడ ఆసనం వేశారు. సి. నారాయణరెడ్డి హనుమాజీపేట నుండి బయలుదేరి డిగ్రీ వరకు ఉర్దూ మాధ్యమంలోనే చదివారు. ఆ తర్వాత తెలుగులో ఎం.ఏ., డాక్టరేటు చేసి అదే విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు, 1988 జ్ఞానపీఠం అందుకొన్నారు. అందోలు నుండి వచ్చిన మఖ్దూం మొహియుద్దీన్ ఇక్కడే ఎం.ఏ. చదివారు. అడ్డంకులు దాటలేక వెనుదిరిగిన వారి పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండవు.

1948 తర్వాత ఉర్దూ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది. దారుత్తర్జుమా మూతపడింది. రెండు దశాబ్దాలు గడిచాక, 1968లో, హైదరాబాదులోనే తెలుగు అకాడమీ ఏర్పడింది. ఉన్నత విద్యకు తెలుగులో పాఠ్యపుస్తకాలు, పారిభాషిక పదకోశాలు సిద్ధం చేయడం దాని పని. పి.వి. నరసింహారావు దానికి తొలి అధ్యక్షులు. భాష మారింది గాని పని అదే. ఒక తరం ఉర్దూలో చేసిన శ్రమను మరొక తరం తెలుగులో మళ్ళీ మొదటి నుండి మొదలుపెట్టింది. డిగ్రీ దాకా తెలుగు మాధ్యమం విస్తరించింది. ఎం.ఏ. మెట్టు దగ్గరకు వచ్చేసరికి ఎక్కువ విభాగాలలో ఇంగ్లీషే మిగిలింది. మన దేశంలోని పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో చాలా వాటి పరిస్థితి ఇదే.

మూడు గళ్ళ నోటుపుస్తకం

భవనం మెట్ల మీద విద్యార్థులు గుంపులు గుంపులుగా కూర్చొని ఉన్నారు. చరిత్ర రెండవ సంవత్సరం చదువుతున్న ఇద్దరు అమ్మాయిలు మా అమ్మాయిని చూసి పలకరించారు. ఒకరు నాగర్‌కర్నూలు వైపు పల్లె నుండి వచ్చినవారు, తెలుగు మాధ్యమం. మరొకరు పాతబస్తీలో పెరిగినవారు. బడిలోనూ డిగ్రీలోనూ ఉర్దూ మాధ్యమం. మాటల్లో మా సందేహం బయటపెట్టాము.

"మొదటి రెండు నెలలు ఏం సమజ్ కాలేదు ఆంటీ," అన్నది పల్లె నుండి వచ్చిన అమ్మాయి నవ్వుతూ. "సార్ చెప్తుంటే అందరూ రాసుకుంటుండ్రు, నేనూ రాసుకున్న. రూముకు పోయి చూస్తే నేను రాసింది నాకే అర్థం కాలే. ఇంటికి పోతా అని మా నాయనకు ఫోన్ చేసిన."

"నేనూ అంతే ఆంటీ," అన్నది రెండవ అమ్మాయి. "నాకు తెలుగు కూడా అంతంత మాత్రమే. ఎవరిని అడగాలో తెలియలేదు."

ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చొన్న ఈ ఇద్దరికీ ఒకరి ఇబ్బంది మరొకరికి తెలియడానికి మూడు వారాలు పట్టిందట. తెలిసిన నాటి నుండి వారొక పని మొదలుపెట్టారు. ఒక పెద్ద నోటుపుస్తకం తీసుకొని ప్రతి పుటనూ మూడు గళ్ళుగా గీశారు. తరగతిలో వినబడిన ప్రతి కష్టమైన ఇంగ్లీషు మాటనూ మొదటి గడిలో, తెలుగు పదాన్ని రెండవ గడిలో, ఉర్దూ పదాన్ని మూడవ గడిలో రాయడం. తెలుగు పదం కోసం తెలుగు అకాడమీ పుస్తకాలు, ఉర్దూ పదం కోసం డిగ్రీలో చదివిన పుస్తకాలు వెదకడం. ఎక్కడా దొరకకపోతే అధ్యాపకులను అడగడం.

ఆ పుస్తకం మాకు చూపించారు. ఇన్‌స్క్రిప్షన్, శాసనం, కత్బా. ఫ్యూడలిజం, భూస్వామ్య వ్యవస్థ, జాగీర్‌దారానా నిజాం. రినైజాన్స్, పునరుజ్జీవనం, నిషాత్ ఎ సానియా. హిస్టోరియోగ్రఫీ, చరిత్ర రచనా శాస్త్రం, తారీఖ్ నవీసీ. కొన్ని చోట్ల గడి ఖాళీగా ఉంది. కొన్ని చోట్ల కొట్టివేసి మళ్ళీ రాశారు. తెలుగు గడిలోని చేతిరాత క్రమంగా ఉర్దూ అమ్మాయిది, ఉర్దూ గడిలోని చేతిరాత క్రమంగా తెలుగు అమ్మాయిది కావడం చివరి పుటలలో గమనించాము. ఒకరి లిపి మరొకరు నేర్చుకొన్నారన్నమాట.

మా అమ్మాయి ఆ పుటలను చాలాసేపు తిప్పుతూ ఉండిపోయింది. ఆమెకు మూడు గళ్ళలో రెండు ముందే తెలుసు. ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి. కావలసినది మూడవదే.

ఆనాడు పండితులు జీతాలు పుచ్చుకొని చేసిన పనినే ఈ పిల్లలు హాస్టలు గదిలో కూర్చొని చేస్తున్నారు. విశ్వవిద్యాలయం అంటే భవనాలు, పట్టాలు మాత్రమే కాదని చాలామంది చెబుతారు. అది ఎలాంటిదో మాకు ఆ నోటుపుస్తకంలో కనిపించింది.

చెట్ల కింద చదువులు

ఆర్ట్స్ కళాశాల నుండి ప్రధాన గ్రంథాలయం వైపు వెళ్ళాము. లక్షల గ్రంథాలతో పాటు తాళపత్రాలు, అరబ్బీ, ఫారసీ చేతిరాత ప్రతులు కూడా ఇక్కడ భద్రంగా ఉన్నాయి. అయితే మా చూపును ముందుగా ఆపినది గ్రంథాలయం లోపలి భాగం కాదు, వెలుపలి చెట్ల నీడ. చెట్టుకొక్కరు, కొన్ని చోట్ల చెట్టుకు నలుగురు చొప్పున యువతీ యువకులు కుర్చీలు వేసుకొని చదువుకొంటున్నారు. పక్కన నీళ్ళ సీసా, టిఫిను డబ్బా. ఒడిలో సమకాలీన అంశాల మాసపత్రిక లేదా తెలుగు అకాడమీ పుస్తకం.

వీరిలో చాలామంది ప్రస్తుత విద్యార్థులు కారు. చదువు ముగించి ఉద్యోగ ప్రకటనల కోసం ఎదురుచూస్తున్నవారు. గ్రూప్స్, పోలీసు, ఉపాధ్యాయ పరీక్షలకు సిద్ధమవుతున్నవారు. అశోక్‌నగర్‌లో కోచింగుకు డబ్బు కట్టగలిగినవారు అక్కడ చేరుతారు. కట్టలేనివారికి ఈ చెట్లే పాఠశాల. ఎం.ఏ. పాఠాలకు చాలని తెలుగు పుస్తకాలు ఈ పరీక్షలకు మాత్రం ప్రాణాధారం కావడం గమనింపదగిన సంగతి. ఇంగ్లీషు గది నుండి బయటికి వచ్చిన పిల్లలు మళ్ళీ తెలుగు పుస్తకం తెరిచి బతుకు వెదుక్కొంటున్నారు.

ముప్పై ఏళ్ళు దాటిన ఒక యువకుడు మాతో కొంతసేపు మాట్లాడాడు. ఆయన తండ్రి కూలిపని చేస్తాడు. ప్రతి నెలా ఇంటి నుండి వచ్చే డబ్బు అందుకొన్నప్పుడు సిగ్గు కలుగుతుందని, అయినా ఊరికి తిరిగి వెళితే చదవడానికి చోటు ఉండదని చెప్పాడు. "ఇక్కడ కూర్చుంటే నా లాంటి వాళ్ళు వంద మంది కనపడతరు. ఒక్కనికి నౌకరీ వస్తే మిగిలినోళ్ళకు ధైర్యమొస్తది," అన్నాడు. ఆ మాటలో ఆశ ఉంది. వంద మందిలో ఒక్కరికే వస్తే మిగిలినవారి వయస్సు ఏమవుతుందన్న ప్రశ్న కూడా ఉంది. పిల్లలను పెద్ద చదువులకు పంపే తల్లిదండ్రులు ఈ రెండింటినీ ఎరిగి ఉండాలి.

పంచుకొన్న గదులు

ప్రాంగణంలోని హాస్టళ్ళు ఎన్నో తరాలను చూసినవి. ఇక్కడి మాటలలో 'నాన్ బోర్డరు' అన్నది తరచుగా వినబడుతుంది. తన పేరున గది లేకపోయినా స్నేహితుని గదిలో చాప పరచుకొని ఉండే విద్యార్థి అని అర్థం. చదువు పూర్తయి ఉద్యోగం దొరకనివారు, సీటు వచ్చి గది దొరకనివారు ఇలా కొంతకాలం గడుపుతారు. నిబంధనలు దీనిని ఒప్పుకోవు. కాని పల్లె నుండి వచ్చిన పిల్లవానికి మహానగరంలో మొదటి ఆశ్రయం చాలాసార్లు ఇటువంటి గదే అవుతుంది.

రమజాను నెలలో ఎలా గడుస్తుందని మేము అడిగాము. సహరీ వేళకు లేచే స్నేహితురాలి కోసం పక్క గది అమ్మాయిలు ముందు రాత్రే రొట్టెలు దాచి ఉంచుతారని, ఇఫ్తారుకు కోసిన పండ్లు అందరి గదులకూ వెళతాయని ఆ అమ్మాయిలు చెప్పారు. బతుకమ్మ రోజులలో పూలు తెచ్చేది అందరూ కలిసేనట. యెమెన్, సూడాన్, ఇరాక్, అఫ్ఘనిస్తాన్ వంటి దేశాల విద్యార్థులు కూడా ఇక్కడ చదువుతుంటారు. జుమా రోజున నమాజు సఫ్‌లో వేర్వేరు దేశాల పిల్లలు భుజం కలిపి నిలబడతారు.

ఇంటి పెద్దలను కలవరపెట్టే మరొక సంగతి, ఉద్యమాలు. ఉస్మానియా పేరు వినగానే చాలామందికి ముందుగా గుర్తుకు వచ్చేది అవే. 1938లో వందేమాతరం ఆలపించినందుకు హాస్టళ్ళ నుండి, కళాశాలల నుండి బయటికి వెళ్ళవలసి వచ్చిన విద్యార్థులలో చాలామంది నాగపూరు చేరి చదువు కొనసాగించారు. పి.వి. నరసింహారావు వారిలో ఒకరు. 1952 ముల్కీ ఆందోళన, 1969 తెలంగాణ ఉద్యమం, 2009 నాటి మలి ఉద్యమం ఈ ప్రాంగణాన్ని కుదిపివేశాయి. ఎందరో తల్లులు కడుపుకోత అనుభవించారు. ఆ చరిత్రను దాచవలసిన పని లేదు, దానికి భయపడి చదువు మానిపించవలసిన పని కూడా లేదు. తొలి రోజుల నుండీ ఇక్కడి విద్యార్థి తన బతుకును గురించి ప్రశ్నిస్తూనే ఉన్నాడు. ఆ ప్రశ్నలలో భాష ప్రశ్న ఒకటి.

అచ్చు అక్షరాల భాండాగారం

ప్రాంగణం విడిచే ముందు 'దాయిరతుల్ మఆరిఫ్' వైపు వెళ్ళాము. విశ్వవిద్యాలయం కంటే ముందే, 1888లో, ఈ సంస్థ ఏర్పడింది. ప్రపంచంలోని నానా గ్రంథాలయాలలో చెల్లాచెదరుగా పడి ఉన్న అరబ్బీ చేతిరాత ప్రతులను సేకరించి, పోల్చి, పాఠ నిర్ణయం చేసి ముద్రించడం దీని పని. హదీసు, జీవిత చరిత్రలు, వైద్యం, ఖగోళ శాస్త్రం, గణితం, ఇలా ఎన్నో రంగాల ప్రాచీన గ్రంథాలు ఇక్కడి నుండి వెలువడ్డాయి. అల్ బీరూనీ ఖగోళ గ్రంథం 'అల్ ఖానూన్ అల్ మస్‌ఊదీ' 1954, 1956 సంవత్సరాల మధ్య మూడు సంపుటాలుగా ఇక్కడే అచ్చయింది. అరబ్బు దేశాల పండితులు సైతం హైదరాబాదు ముద్రణను వెదికి తెప్పించుకొనేవారంటే ఆ శ్రమ విలువ తెలుస్తుంది.

ఈ సంస్థ తలుపు ముందు మా అమ్మాయి అన్న మాట ఇక్కడ రాయడం అవసరం. "అబ్బా, వీళ్ళు వెయ్యేళ్ళ కిందటి పుస్తకాలు చదివి సరిచేసి అచ్చు వేశారు. నేను రెండేళ్ళలో ఇంగ్లీషు పుస్తకాలు చదవడం నేర్చుకోలేనా?" అన్నది.

తల్లిదండ్రుల లెక్క

తిరుగు ప్రయాణంలో మేము లెక్క వేసుకొన్నాము. ఫీజు ప్రైవేటు సంస్థలతో పోలిస్తే తక్కువే. హాస్టలు దొరికితే ఖర్చు మోయగలము. ఇంటికి దూరమైనా రైలెక్కితే కొన్ని గంటల ప్రయాణమే. డబ్బు లెక్క తేలిపోయింది. తేలనిది మొదటి ఆరు నెలల లెక్క. ఆ ఆరు నెలలు పాఠం అర్థం కాక బిడ్డ ఏడిస్తే ఏం చేయాలి? చాలా కుటుంబాలలో చదువు ఆగేది అక్కడే. బిడ్డ ఫోనులో ఏడవగానే 'వచ్చేయ్ తల్లీ' అనడం తల్లిదండ్రుల ప్రేమకు సహజం. నాగర్‌కర్నూలు అమ్మాయి తండ్రి ఆనాడు వేరుగా అన్నాడట. 'పరీక్షల దాకా ఉండు. అప్పటికీ కాకపోతే నేనే వచ్చి తీసుకుపోత' అన్నాడట. అక్షరం ముక్క రాని ఆ రైతు చెప్పిన గడువు వల్లనే ఆ అమ్మాయి ఈ రోజు రెండవ సంవత్సరంలో ఉంది.

మా అమ్మాయి చేరింది. ఇది రాసేనాటికి ఆమె మొదటి సెమిస్టరు పూర్తయింది. అన్ని పేపర్లూ గట్టెక్కింది. ఒకదానిలో మార్కులు అంతంత మాత్రమే. ఆ మూడు గళ్ళ నోటుపుస్తకం ఇప్పుడు ఆమె దగ్గర ఉంది. పై తరగతి అమ్మాయిలు వెళ్ళేముందు ఆమెకు అప్పగించారు. ఖాళీ గళ్ళలో కొన్ని నిండాయని, కొత్త పుటలు చేరాయని చెబుతుంది. తర్వాత వచ్చేవారికి తానూ అప్పగించాలట.

మన కుటుంబాలలో ఉర్దూ, తెలుగు మాధ్యమాలలో చదివి, డిగ్రీ తర్వాత ఇంగ్లీషు భయంతో ఆగిపోతున్న అమ్మాయిలు, అబ్బాయిలు తక్కువేమీ కాదు. వారికి తెలివి కొరవడలేదు. కొరవడినది మొదటి ఆరు నెలలు ఆదుకొనే చేయి. ప్రతి ఊళ్ళోనూ పై చదువులు పూర్తిచేసినవారు ఒకరిద్దరైనా ఉంటారు. వారు తమ సబ్జెక్టులో రెండు వందల ముఖ్యమైన పదాలకు మూడు భాషల పట్టిక రాసి ఇస్తే, దానిని నకలు తీసి పంచడానికి అయ్యే ఖర్చు ఒక విందులో ఒక పళ్ళెం ఖరీదుకు మించదు. చదువు చెప్పించడం సదఖా అని ఎరిగినవారికి ఇంతకంటె వివరించనక్కరలేదు. ఒక రాజ్యం భారీ సంస్థను పెట్టి ఒక భాషకు చేసిన పనిని, ఇద్దరు అమ్మాయిలు ఒక నోటుపుస్తకంతో రెండు భాషలకు చేశారు. మిగిలిన ఖాళీ గళ్ళు మనం నింపవలసినవి.